రెండు వేళ్ళ ఎత్తు కాలరు

పోయిన వారం నన్ను నేనే కుట్టుగదిలో, నోట్లో ఆరు గుండుసూదులతో నిలబెట్టి వదిలేశాను. మీరంతా ఈ వారం రోజులూ హాయిగా తిని, తిరిగి, నిద్రపోయి ఉంటారు. నేను మాత్రం ఆ సూదులతో అక్కడే ఉన్నాను. కాబట్టి ముందు అందరం ఒక చోటికి చేరుకుందాం.

మండలి భవనం కింది అంతస్తులో ఇరవై రెండేళ్ళుగా నాది కుట్టుపని. సభ్యులకీ, పై అధికారులకీ సభలో వేసుకునే కోట్లు కుడతాను. పైనున్న వాళ్ళెవరికీ నా పేరు తెలియదు, కొలతలమ్మ అంటారు. రెండు నెలల కిందట ఊరి బయట ఆకాశం నుంచి ఒక రాయి పడింది. అదో పెద్ద వింత అని తెచ్చి, మండలి మెట్ల పక్కన అద్దాల పెట్టెలో పెట్టారు. వారం తిరక్కుండా ఒక సభ్యుడు వచ్చి, తన కోటుకి మెడ వెనక కాలరు రెండు వేళ్ళ ఎత్తు పెంచమన్నాడు. ఫ్యాషన్ మారిందేమో అనుకున్నాను. తర్వాత ఇంకొకరు, ఆ తర్వాత మరో ఇద్దరు. నూట నలభై మందిలో నిన్న సాయంత్రానికి అరవై ఒక్క మంది. అందరి తేదీలూ కొలతల పుస్తకంలో రాసి పెట్టాను.

ఆ కాలర్ల కింద ఏముందో నాకు చెప్పింది మా భవనం డాక్టరమ్మ. బొటనవేలంత జీవి, ఈ భూమి మీద పుట్టింది కాదు. మెడ వెనక గుంటలో అతుక్కుని సన్నటి దారాల్లాంటివి వెన్నులోకి దింపుతుంది. అక్కణ్ణుంచి నోరు ఆ మనిషిదే, ఆలోచన దానిది. పట్టుకుని ఒక రోజు దాటకపోతే వేడి ఆవిరి తగిలినప్పుడు వదిలేస్తుంది. రోజు దాటాక లాగితే మనిషి ప్రాణం కూడా దానితోనే వస్తుంది. సోమవారం ఇదంతా నా చెవిన వేసిన ఆ మహాతల్లి, బుధవారం పొద్దున్నే వచ్చి తన తెల్లకోటుకి కాలరు పెంచమంది. కొలత తీశాను, రాసుకున్నాను, పెంచాను. ఇంకేం చెయ్యను?

ఇక మా చెల్లి. చిట్టి అంటాను. దానికి ఆరేళ్ళప్పుడు అమ్మ పోయింది. అప్పటి నుంచీ దాని జడ నేనే వేస్తున్నాను, ఇరవై ఎనిమిదేళ్ళు వచ్చినా. అది ముఖ్య కార్యదర్శిగారి ఆఫీసులో పనిచేస్తుంది, అంటే ఆ పుట్టలో నడిమధ్యన. నిన్న సాయంత్రం ఇంట్లో దానికి అన్నీ విప్పి చెప్పాను. కొలతల పుస్తకం తెరిచి చూపించాను. వేలు పెట్టి లెక్కపెట్టింది, అరవై ఒకటి అంది, తర్వాత పడీపడీ నవ్వింది. "అక్కా, నీకు చూపు తగ్గుతోందే, కళ్ళజోడు మార్చు" అంది. పోట్లాడి, అలిగి, అన్నం మానేసి ఒప్పించాను. రేపు సభలో కొత్త చట్టం వస్తోంది. ఊళ్ళో ప్రతి ఒక్కరూ, చంటిపిల్లలతో సహా, మెడ పరీక్షకి రావాలట. ఆలోపే మేం వెళ్ళిపోవాలి. ఈ రోజు ఐదు గంటల బస్సుకి రెండు టికెట్లు కొని కొలతల పుస్తకంలో పెట్టాను. చిట్టి నాలుగింటికి కుట్టుగదికి వస్తానంది.

పావు తక్కువ నాలుగింటికి తలుపు తెరుచుకుంది. వచ్చింది చిట్టి కాదు. ముఖ్య కార్యదర్శిగారు.

ఇక్కడే కదా ఆగాం.

కుట్టుగదిలో మేం మనుషుల్ని వాళ్ళ ఒళ్ళును బట్టి పిలుచుకుంటాం. పొట్టిచేతులు, తొందరమెడ, ముందుపొట్ట, ఇలా. మొహాలు మరిచిపోతాం గానీ ఒళ్ళు మరిచిపోం. ముఖ్య కార్యదర్శిగారు మాకు ఎడమభుజం. కుర్రతనం నుంచి ఫైళ్ళ సంచీ ఒకే పక్క మోసి మోసి ఆయన ఎడమ భుజం ముప్పావు అంగుళం కిందికి జారింది. కోటు సమంగా నిలవడానికి ఆ భుజం కింద నేనొక దూదిమెత్త పెట్టి కుడతాను. ఇరవై రెండేళ్ళలో ఆ సంగతి మా ఇద్దరికీ తప్ప ఎవరికీ తెలియదు. "ఏమమ్మా కొలతలమ్మా, నా భుజం ఎంత దిగింది?" అని అడగకుండా ఆయన ఏనాడూ ఈ గడప దాటలేదు.

ఈసారి అడగలేదు. వచ్చి అద్దం ముందు పీట మీద నిలబడ్డారు. వెనకాలే వచ్చిన కాపలా మనిషి తలుపు దగ్గర ఆగాడు. అతని వెనక చిట్టి.

దాన్ని చూడగానే నా ప్రాణం లేచి వచ్చింది. పొద్దున ఏడున్నరకి నేను వేసిన జడ అలాగే ఉంది, చివర్న నీలం రిబ్బన్‌తో సహా. జడ వేస్తూ వేళ్ళతో దాని మెడ గుంట తడిమి చూశాను కూడా. ఏమీ లేదు. ఇప్పుడు గుండెలకి ఒక ఫైలు హత్తుకుని ఉంది, ఫైలు మీద గుండీలు దాచుకునేలాంటి చిన్న రేకు డబ్బా ఒకటి. నన్ను చూసి నవ్వింది. ఆఫీసు పని మీద వచ్చింది పాపం, ఈయన వెళ్ళగానే ఇద్దరం బయటపడొచ్చు అనుకున్నాను.

"కోటు రేపటికి అందుతుందా?" అన్నారాయన.

"అందుతుంది సార్" అన్నాను. నోట్లో సూదులు పెట్టుకుని మాట్లాడ్డం మా వాళ్ళకి పుట్టుకతో వచ్చినట్టే వస్తుంది.

కచ్చా కుట్లు వేసిన కోటు తొడిగాను. మా అద్దానికి మూడు రెక్కలు. ఎదురుగా ముందు భాగం, రెండు పక్కల నుంచీ వెనక భాగం కనిపిస్తాయి. ఆయన వెనక నిలబడి చూశాను. కోటు వంకరగా ఉంది. ఎడమ పక్క ఎత్తుగా, కొక్కేనికి తగిలించినట్టు లేచి ఉంది. నా కచ్చా కుట్టు తప్పిందేమోనని చేత్తో సవరించాను. తర్వాత అర్థమైంది. కోటు సరిగానే ఉంది. భుజం సరిగా లేదు. అంటే, రెండు భుజాలూ సరిసమానంగా ఉన్నాయి.

"ఆ దూదిమెత్త తీసెయ్యండి" అన్నారు. "ఇక అవసరం లేదు."

అరవై ఏళ్ళ మనిషికి ముప్పావు అంగుళం దిగిన ఎముక దానంతటదే పైకి రాదు. లోపల ఏదో పట్టుకుని నిలబెడుతోంది. అయినా కత్తెర తీసుకుని, ఆ భుజం దగ్గర నాలుగు కుట్లు విప్పి, ఇరవై రెండేళ్ళ నా దూదిమెత్తని బయటికి లాగాను. ఏడుపొచ్చింది. నిజంగా. ఆ మెత్త చూసి ఏడ్చే మనిషి ఈ భవనంలో నేనొక్కదాన్నే మిగిలానని ఏడుపొచ్చింది.

"నలభై ఏళ్ళు నొప్పి పడ్డాను" అన్నారాయన, అద్దంలోంచి నన్నే చూస్తూ. గొంతు మెత్తగా ఉంది. "పొద్దున లేవగానే నొప్పి. కుర్చీలో కూర్చుంటే నొప్పి. ఇప్పుడు లేదు. మీ మెడ ఎలా ఉంది అమ్మా?"

"నా మెడకేం సార్, బాగానే ఉంది."

"రోజుకి పది గంటలు వంగి కుడతారు. కుడి పక్క తిప్పలేరు. చలికాలంలో వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. డాక్టరు దగ్గర రాసి ఉంది."

డాక్టరమ్మ చీటీలన్నీ చదివేశారన్నమాట. "కాలరు కూడా రెండు వేళ్ళు పెంచండి" అన్నారు. సూదులు నాలుకకి గుచ్చుకోకుండా నోరు గట్టిగా మూసుకుని, కాలరు మడత మీదికి చేతులు పోనిచ్చాను. ఇది నా పని కదా. కాలరు వెనక ఎత్తు పెంచాలంటే మెడకీ గుడ్డకీ మధ్య వేలు పెట్టి, రెండు వేళ్ళు కొలిచి, సూది గుచ్చాలి. సూది పడుకోబెట్టి పోనివ్వాలి, మొన ఎప్పుడూ మనిషి ఒంటి వైపు ఉండకూడదు. నాకు పని నేర్పిన మాస్టారు ఈ ఒక్క విషయం మీద నన్ను ఎన్ని తిట్లు తిట్టారో. ఈ ఇరవై రెండేళ్ళలో నా సూది ఎవరినీ గుచ్చలేదు.

"మీరు అనుకుంటున్నంత చెడ్డది కాదు ఇది" అన్నారు. "మాకు ఎవరి మీదా పగ లేదు. ఈ ఊరి మీద అసలే లేదు. కొట్లాటలుండవు, దిగుళ్ళుండవు. సభలో చూడండి, రెండు నెలలుగా ఎవరైనా గొంతు పెంచారా?"

అదీ నిజమే. మెట్ల కింద నా గదిలోకి పైనుంచి కేకలు వినపడి రెండు నెలలైంది. పీడా పోయింది, పనిచేసుకోవచ్చు అని అప్పట్లో సంతోషించాను కూడా. నా బుద్ధికి నేనే మొట్టికాయ వేసుకోవాలి.

"ఒక పుస్తకం ఉందట మీ దగ్గర" అన్నారాయన.

కాలరు మీద నా వేళ్ళు ఆగలేదు. మొదటి సూది పెట్టాను, రెండోది పెట్టాను.

"కొలతల పుస్తకమా సార్? ఉంటుంది కదా. లేకపోతే కోట్లు ఎలా కుడతాను?"

"తేదీలు కూడా రాస్తారట."

"రాయాలి సార్. మనుషులు లావవుతారు, చిక్కుతారు. నెల కిందటి కొలతతో ఈ నెల కోటు కుడితే గుండీలు పట్టవు. నన్నే తిడతారు."

"మనుషులు మారతారు" అన్నారు ఆయన. "నిజమే. ఆ పుస్తకంలో కాలరు పెంచిన వాళ్ళ లెక్క చూస్తే ఎవరు ఎప్పుడు మారారో తెలిసిపోతుంది. ఎవరికి రోజు దాటలేదో కూడా. మాకు అది ఇబ్బంది. అరవై ఒక్క మంది భద్రత అది."

మూడో సూది నా వేళ్ళ మధ్య ఉంది.

అరవై ఒక్క మంది. నిన్న సాయంత్రం లెక్క అది. ఈ రోజు పొద్దున తొమ్మిదింటికి మండలి గ్రంథాలయం చూసే ముసలాయన వచ్చి కాలరు పెంచుకుని వెళ్ళాడు. ఆయన్ని రాసుకున్నాక అరవై రెండు. వాళ్ళు తమని తామే లెక్కపెట్టుకుని ఉంటే అంతకి తగ్గదు. పుస్తకం డాక్టరమ్మ కళ్ళపడనే లేదు. కుట్టుగదిలో ఎవరూ తెరిచి చూడలేదు. అరవై ఒకటి అనే అంకె తెలిసిన మనిషి ఈ లోకంలో నేను కాక ఇంకొక్కరే. వేలు పెట్టి లెక్కపెట్టి, కళ్ళజోడు మార్చుకోమన్న మనిషి.

నా చెయ్యి జారింది.

సూది నిలువుగా దిగిపోయింది. గుడ్డలో ఆగలేదు. కాలరు కింద మెత్తగా ఉన్న దానిలోకి సగం దాకా పోయింది. అది కదిలింది. నా వేలి కింద, ఉలిక్కిపడ్డ పురుగులాగా కదిలింది.

ఆయన మాత్రం కదల్లేదు. కళ్ళు కూడా ఆర్పలేదు. కానీ తలుపు దగ్గర కాపలా మనిషి చెయ్యి టక్కున అతని మెడ వెనక్కి వెళ్ళింది. కిటికీ బయట, భవనం మధ్య పచ్చిక మీద టీ తాగుతున్న సభ్యులు కనిపిస్తున్నారు. వాళ్ళలో ఒకాయన చెయ్యి మెడ మీదికి వెళ్ళింది. అతని పక్కనున్నామెదీ అంతే. అవతల బెంచీ మీద ముగ్గురివీ ఒకేసారి లేచాయి. పూలమొక్కలకి నీళ్ళు పెడుతున్న మనిషి గొట్టం కింద పడేసి మెడ పట్టుకున్నాడు. ఎవరూ మాట్లాడలేదు, ఎవరూ ఎవరి వైపూ చూసుకోలేదు.

నేను అద్దం వైపు చూడకూడదనుకున్నాను. చూస్తే తెలిసిపోతుంది. చూడకపోతే ఇంకో నిమిషం నాకు చెల్లెలు ఉంటుంది. కానీ ఆ మూడు రెక్కల అద్దం ముందు పుట్టి పెరిగినట్టున్న దాన్ని, కళ్ళు నా మాట వినలేదు. ఎడమ రెక్కలో మా చిట్టి కనిపించింది. ఫైలు ఒక చేత్తో పట్టుకుని ఉంది. రెండో చెయ్యి జడ కింద, మెడ మీద ఉంది.

నోట్లో మిగిలిన మూడు సూదులూ కింద పడ్డాయి.

"జాగ్రత్త అమ్మా" అన్నారు ముఖ్య కార్యదర్శిగారు. చెయ్యి వెనక్కి పెట్టి, ఆ సూదిని తానే పీకి నా చేతిలో పెట్టారు. దాని మీద రక్తం లేదు, గంజిలాంటి పలచటి జిగురు ఉంది. "ఒకరికి తగిలితే మా అందరికీ తెలుస్తుంది. ఇక దాచుకోవడాలు ఎందుకు?"

ఏమంటాను? సార్, ఎంత పని చేశారు అంటానా? ఆ సార్ అక్కడ లేరు.

ఆయన కోటు విప్పి, చక్కగా మడిచి, బల్ల మీద పెట్టారు. "రేపటి నుంచి ఊరందరికీ కాలర్లు కావాలి. వేల మంది. మీ చెయ్యి మాకు అవసరం. అందుకే మిమ్మల్ని బలవంతం చెయ్యడం నాకిష్టం లేదు. పెనుగులాడితే అది సరిగ్గా పట్టదు, మనిషి పాడైపోతారు. నమ్మకమైన చెయ్యి ఉండాలి." చిట్టి వైపు తిరిగారు. "డబ్బా అక్కడ పెట్టు. పుస్తకం తీసుకో. మీ అక్కకి నువ్వయితేనే బాగుంటుంది. పది నిమిషాల్లో వస్తాను."

చిట్టి రేకు డబ్బాని కత్తిరింపుల బల్ల మీద, నా సుద్దముక్కల పక్కన పెట్టింది. ఆయన వెళ్ళిపోయారు. కాపలా మనిషి బయటికి వెళ్ళి తలుపు వేశాడు. బయట తాళం తిరిగింది.

ఇద్దరమే మిగిలాం. ఇరవై రెండేళ్ళుగా మేం ఇద్దరమే, ఆ మాటకొస్తే. స్కూలు చొక్కా దగ్గర్నుంచి మొదటి ఉద్యోగం రోజు వేసుకున్న బట్టల దాకా ఈ గదిలో మిగిలిన ముక్కలతోనే దానికి కుట్టాను. ఈ బల్ల కిందే పడుకుని లెక్కలు చేసుకునేది.

"ఎప్పుడే?" అన్నాను.

"పదకొండింటికి" అంది. గొంతు చిట్టిదే. ఆ గొంతులో ఎప్పుడూ ఉండే తొందర లేదు. "టీ తాగుతుంటే వెనక నుంచి వచ్చి పెట్టారు. నొప్పి లేదక్కా. ఒక్క నిమిషం చల్లగా ఉంటుంది, అంతే."

పదకొండు. ఇప్పుడు నాలుగు కావస్తోంది. ఐదు గంటలు. నేను లెక్కపెట్టుకున్నది మొహంలో కనపడనివ్వకుండా కిందికి వంగి, పడిపోయిన సూదులు ఏరాను. రోజు దాటలేదు. ఇంకా చాలా టైముంది. పది నిమిషాలే టైముంది. రెండూ నిజమే.

"పుస్తకం రెండో సొరుగులో ఉంది. బస్సు టికెట్లు అందులోనే ఉన్నాయి" అంది చిట్టి. "మాకు తెలుసు. టికెట్లు చింపెయ్యి అక్కా. ఎక్కడికి వెళ్ళినా ఆ ఊళ్ళోనూ మేం ఉంటాం."

"నీకు నా మీద కోపం రావట్లేదా?" అన్నాను. "నిన్ను ఈ ఉద్యోగంలో పెట్టించింది నేనే. ఎక్కడికీ పోవద్దు, నా కళ్ళ ముందే ఉండు అని వీళ్ళనీ వాళ్ళనీ బతిమాలి మరీ పెట్టించాను. నన్ను తిట్టవే. నిన్న తిట్టావు కదా, అలా తిట్టు."

"కోపం లేదక్కా. దిగులు కూడా లేదు. నీకూ ఉండదు."

"దిగులు లేకుండా నేనేం చేసుకోనే" అన్నాను. "నాకున్నదే అది."

చిట్టి నావైపు చూస్తూ నిలబడింది. కళ్ళు అద్దంలో ఆయన కళ్ళలాగే నిలకడగా ఉన్నాయి. మా చిట్టి కళ్ళు ఒక చోట నిలిచేవి కావు. తింటూ కిటికీలోకి చూసేది, కిటికీలోకి చూస్తూ నన్ను వెక్కిరించేది. ఇక దాంతో మాట్లాడి లాభం లేదనిపించింది. ఎవరితో మాట్లాడుతున్నాను నేను?

"కూర్చో అక్కా" అంది. గది మధ్యలో నా చిన్న ముక్కాలిపీట ఉంది, నేను అంచులు కుట్టుకునేది. "వెనక్కి తిరిగి కూర్చో. నీ మెడ మీద నేను పెడతాను."

నేను కదల్లేదు.

"కూర్చో అక్కా" అంది మళ్ళీ.

అని, తనే కూర్చుంది.

ముక్కాలిపీట మీద, నాకు వీపు పెట్టి కూర్చుంది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత ఒక చెయ్యి చాలా నెమ్మదిగా, బరువేదో మోస్తున్నట్టుగా లేచి, జడ పట్టుకుని ఎడమ భుజం మీదుగా ముందుకి వేసుకుంది. మెడ కనిపించింది. గుంటలో అది ఉంది. బూడిదరంగులో, తడిగా, నిద్రపోతున్నదానిలా మెల్లగా ఉబ్బుతూ తగ్గుతూ ఉంది. దాని చుట్టూ చర్మం ఇంకా ఎర్రగా ఉంది.

"కూర్చో అక్కా" అంటూనే ఉంది నోరు. "నొప్పి ఉండదు. కూర్చో."

ఇది మాయేమో అనుకున్నాను. నన్ను దగ్గరికి రప్పించడానికి అది ఆడుతున్న నాటకం కావచ్చు. చిట్టి తలలో ఉన్నవన్నీ దానికి తెలుసు, రోజూ పొద్దున మేం ఎలా కూర్చుంటామో తెలియకుండా ఉంటుందా? కానీ నేను కొలతల మనిషిని. మాటలు నాకు చాతకావు, ఒళ్ళు చూస్తే చెప్పగలను. వెనక నుంచి చిట్టి భుజాలు చూశాను.

చిన్నప్పటి నుంచీ చిట్టికి ఒక అలవాటు. జడలో చిక్కు తీస్తున్నానంటే, దువ్వెన తగలకముందే, భయంతో కుడి భుజం చెవి దాకా ఎగరేస్తుంది. ఆరేళ్ళప్పుడు ఎగరేసింది, ఇవాళ పొద్దున కూడా ఎగరేసింది. "దించవే, నిన్నేమీ చంపట్లేదు" అని రోజూ తిడతాను. ఆ భుజం ఎప్పుడు లేస్తుందో దానికే తెలియదు. తన వీపు తను చూసుకోలేదు కదా. ముఖ్య కార్యదర్శిగారి నలభై ఏళ్ళ భుజాన్ని సమం చేసిన ఆ పురుగు, మా చిట్టి భుజాన్ని ఇంకా సమం చెయ్యలేకపోయింది.

కుడి భుజం చెవి దాకా లేచి ఉంది.

లోపలే ఉంది నా పిల్ల. భయపడుతూ ఉంది. భయపడుతూనే, నోరు తన మాట వినకపోయినా, వచ్చి నా ముందు కూర్చుంది.

మా గదిలో ఇస్త్రీ పెట్టె పొద్దున్నుంచి సాయంత్రం దాకా వేడెక్కే ఉంటుంది. కోటు గుడ్డ మీద ఇనుము నేరుగా పెట్టం. తడిగుడ్డ పరిచి, దాని మీద ఆనించీ ఆనించకుండా పట్టుకుంటాం. ఆవిరి కిందికి దిగుతుంది, గుడ్డ కాలదు. వేలెడంత తేడా వస్తే కోటు పోతుంది. మాస్టారు నాకు మొదటి ఏడాదంతా నేర్పింది ఆ ఒక్క పనే. ఇప్పుడు కోటు కాదు కింద ఉన్నది. ఇనుము తగిలిందా, ఆ వేడికి అది ముడుచుకుని చిట్టి వెన్నునే పట్టుకుంటుంది. తగలకూడదు. ఆవిరి మాత్రం తగలాలి.

ఇత్తడి గిన్నెలో గుడ్డ ముంచి పిండాను. ఇస్త్రీ పెట్టె ఎత్తాను. మోచేతిని పక్కటెముకలకి అదిమి పెట్టుకున్నాను. గోడ మీద గడియారం చూశాను, ఆయన వెళ్ళి నాలుగు నిమిషాలైంది. ఆవిరి తగలగానే అది మెలి తిరుగుతుంది, అది మెలి తిరగ్గానే పైన ఆయనకి తెలుస్తుంది, పచ్చిక మీద వాళ్ళకి తెలుస్తుంది, తలుపు బయట వాడికి తెలుస్తుంది. తలుపుకి లోపల గడియ ఉంది. వెళ్ళి వేశాను. అది ఎంతసేపు ఆగుతుందో అంతసేపే నా చేతిలో ఉన్నది.

వెనక్కి వస్తూ బల్ల వైపు చూశాను.

రేకు డబ్బా మూత పక్కకి జరిగి ఉంది. లోపల ఏమీ లేదు.

బల్ల మీద వెతికాను. సుద్దముక్కల మధ్య లేదు, మడిచిన కోటు మీద లేదు. కోటు అంచు నుంచి బల్ల కాలు మీదుగా కిందికి ఒక తడి చార ఉంది, గంజి ఒలికినట్టు. ఆ చార నేల మీద కత్తిరింపు ముక్కల్లోకి వెళ్ళి మాయమైంది. ఆ ముక్కలు ఊడ్వలేదు. పొద్దున్నుంచి ఊడుద్దాం, ఊడుద్దాం అనుకుంటూనే ఉన్నాను.

"కూర్చో అక్కా" అంది చిట్టి నోరు. భుజం ఇంకాస్త పైకి లేచింది.

దాని వెనక నిలబడ్డాను. తడిగుడ్డని మెడ మీద, ఆ జీవి మీద పరిచాను. ఎడమ చేత్తో జడ మొదలు గట్టిగా పట్టుకున్నాను. కుడి చేతిలో ఇస్త్రీ పెట్టె. అప్పుడు నా కుడి కాలి చీలమండ దగ్గర ఏదో చల్లగా తగిలింది. తగిలి, ఒక్క క్షణం ఆగి, పైకి పాకడం మొదలుపెట్టింది.

దులపాలంటే ఒక చెయ్యి వదలాలి. జడ వదిలితే చిట్టి తల కదులుతుంది. ఇనుము వదిలితే గడియ విరిగేలోపు మళ్ళీ ఎత్తలేను.

చల్లదనం పిక్క దాకా వచ్చింది. డాక్టరమ్మ చెప్పింది కదా, ఒక రోజు దాకా ఆవిరికి వదిలేస్తుందని. నాకూ ఒక రోజు ఉంటుంది. నాకు జడ పట్టుకునే మనిషి ఉండాలి, అంతే. ఆ మనిషి ఇప్పుడు ముక్కాలిపీట మీద కూర్చుని ఉంది.

"భుజం దించవే" అన్నాను, రోజూ అన్నట్టే. "నిన్నేమీ చంపట్లేదు."

చల్లదనం మోకాలు దాటింది. నేను ఇస్త్రీ పెట్టె దించాను.